నమూనా పాలు

ట్యూనిస్, బాబ్ జ్దీద్ పేట
నవంబరు 15

వసీలక్కకి,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను మా అద్దింటి యజమానురాలు లల్లా బేయాతో నీళ్ళ కోసం పోట్లాడుతున్నాను. నీకు ఆడపిల్ల పుట్టిందని చదవగానే పోట్లాట మధ్యలోనే ఆవిణ్ణి కావలించుకున్నాను. "నీళ్ళు కావలసినన్ని పట్టుకో, నన్ను మాత్రం వదులు" అంది. అమ్మమ్మ పేరు పెట్టారన్నమాట. యామినా. లిబియాలో జీతం ఎగ్గొట్టి తరిమేసిన నాటినుంచీ తుహామీ బావ నోరు విప్పడం లేదన్నావు. కూతురి పేరు చెప్పడానికైనా విప్పాడు, సంతోషం.

మీ మక్తర్‌కి టాక్సీ నడిపే హమ్దా బాబాయి చేత మూట పంపుతున్నాను. పైన ఉన్నవి బట్టలు. నాలుగు ఉన్ని చొక్కాలు, ఒక దుప్పటి, చెవులు మూసే టోపీ. హఫ్సియా పాతబట్టల బజారువే, ఇంకెక్కడివి. మీ అత్తగారు వాటిని చచ్చిన ఫ్రెంచివాళ్ళ బట్టలంటుందని నాకు తెలుసు. అందుకే ఉడకబెట్టి, ఇస్త్రీ చేసి, కొట్టువాడి కాగితంలో చుట్టాను. కొత్తవని చెప్పు. నమ్మకపోతే టోపీ వాసన చూడమను, నా సబ్బంతా దానికే అయిపోయింది.

ఆ బజారు కిటుకు నీకు చెప్పాలి. సముద్రం అవతలినుంచి వచ్చిన బేళ్ళు సోమవారం విప్పుతారు. ఆ రోజు డాక్టర్ల భార్యలు కార్లలో వచ్చి మంచివన్నీ ఏరుకుపోతారు. ధర కొత్తబట్టకి కాస్తే తక్కువ. రోజు గడిచేకొద్దీ దిగుతుంది. ఆదివారానికి మిగిలింది నేలమీద కుప్ప పోస్తే, మాలాంటివాళ్ళు దానిమీద పడి ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటారు. నేను ఆదివారం దాకా ఆగను. శుక్రవారం మధ్యాహ్నం వెళతాను. కొట్టువాడు నమాజుకి పోతూ తల్లిని కూర్చోబెడతాడు. ఆవిడకి చూపు ఆనదు. బట్టని వేళ్ళతో తడిమి ధర చెబుతుంది. పసిపిల్లల బట్ట చేతికి తగిలితే కాసేపు ధర సంగతే మరిచిపోతుంది. ఇది దొంగతనం కాదక్కా, వేళ తెలుసుకోవడం.

అసలు సంగతి మూట అడుగున ఉంది. పాలపొడి డబ్బాలు. ఒక్క మిల్లీము ఖర్చు లేదు. ఆసుపత్రిలో నీకిచ్చినవి అయిపోవచ్చాయనీ, పిల్లకి సీసా రుచి పట్టిందనీ రాశావు కదా. ఇక్కడ ప్రసూతి ఆసుపత్రి గేటు దగ్గర ఒక కంపెనీ పిల్ల తెల్లకోటు వేసుకుని కూర్చుంటుంది. ఒడిలో బిడ్డతో కనబడ్డ ప్రతి తల్లికీ ఒక చిన్న డబ్బా. దానిమీద ఎర్ర ముద్ర: ఉచిత నమూనా, అమ్మకానికి కాదు. లల్లా బేయా మనవణ్ణి అరువు తెచ్చుకుని వరసలో నిలబడ్డాను. రెండోసారి ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, పోయినసారి ఆడపిల్లన్నారు కదా అంది. కవలలన్నాను. చేతిలో ఇంకో డబ్బా పెట్టింది.

బాగా తిను. నా ఉద్యోగం కాగితం ఇంకా రాలేదు. వచ్చేదాకా మొద్దు పిల్లలకి వ్యాకరణం చెప్పుకుంటూ బతుకుతాను.

నీ చెల్లెలు
జలీలా


మక్తర్
డిసెంబరు 2

చిట్టి చెల్లి జలీలాకి,

మూట చేరింది. హమ్దా బాబాయి గుమ్మంలో నిలబడి, మీ చెల్లెలు ట్యూనిస్ మొత్తం కట్టి పంపిందని నలుగురూ వినేలా అన్నాడు. అత్తయ్య టోపీ నిజంగానే వాసన చూసింది. మర్నాటినుంచీ తనే పిల్లకి పెడుతోంది.

పిల్ల పుట్టిన ఏడోరోజు పండుగ చేశారు. గొర్రెని మా బావగారు ముఖ్తార్ కోశారు. తుహామీ లిబియా వెళ్ళడానికి తన వాటా పొలం పరాయివాళ్ళకి అమ్ముకున్నప్పటినుంచీ ఆ అన్నదమ్ములకి మాటల్లేవని నీకు తెలుసుగా. తిరిగొచ్చాక ఈ గదిలో ఉండనిచ్చారు. ఎన్నాళ్ళని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. ఏడోరోజున అత్తయ్య ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, బావగారి కొడుకు బశీర్‌కి మా యామినాని ఇచ్చేటట్టు ఫాతిహా ప్రార్థన చదివించి మాట తీసుకుంది. వాడు దీనికంటే నెల పెద్ద. అన్నదమ్ములు చేతులు కలిపారు. బావగారు అందరి ముందూ, ఇక ఆ గది నా కోడలిది, దాని అమ్మానాన్నల్ని లెమ్మనేవాడెవడు అన్నారు. నువ్వు నవ్వుతావని తెలుసు. నేను మాత్రం లిబియా కబురు వచ్చాక మొదటిసారి కంటినిండా నిద్రపోయాను.

ఒక తమాషా చెబుతాను. మొన్న నేను కుళాయి దగ్గరుండగా పిల్ల గుక్కపట్టింది. నా తోడికోడలు, బశీర్ తల్లి ముబ్రూకాకి పాలు ఎప్పుడూ పొంగుతూనే ఉంటాయి, పాపం. పిల్లనెత్తుకుని గుండీలు విప్పబోయింది. అత్తయ్య పొయ్యి దగ్గరనుంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి లాక్కుంది. ఒక్క గుక్క దిగితే చాలు, ఇద్దరూ ఒకే పాలు తాగిన అన్నాచెల్లెళ్ళయిపోతారు, ఇక పెళ్ళి అన్న మాటే ఉండదు, నా మనవడికి పెళ్ళాం లేకుండా చేస్తావా అని కేకలు. ముబ్రూకా తల వంచుకుని, ఏడుస్తుంటే చెయ్యి దానంతటదే పోయింది అత్తయ్యా అంది. అప్పటినుంచీ అత్తయ్య మా రెండు గదుల మధ్య గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటోంది.

నాకు పాలు తగ్గాయి. సీసా ఉంది కాబట్టి బెంగ లేదు. డబ్బాలు ఇంకొన్ని పంపు. ఉచితమేగా.

నీ అక్క
వసీలా


ట్యూనిస్
డిసెంబరు 14

అక్కా,

పళ్ళు కూడా రాని పిల్లకి మొగుణ్ణి కుదిర్చారు. ఆ మొగుడికీ పళ్ళు లేవు కాబట్టి జోడీ కుదిరిందనుకుంటాను. సరే, ఫాతిహా చదివారు, గది దక్కింది, నేను నోరు మూసుకుంటాను. ఒక్కటి మాత్రం అడుగుతాను. పాలు తగ్గాయన్నావు, ఎంత తగ్గాయి? సీసా ఇచ్చే ప్రతిసారీ ముందు రొమ్ము పట్టు. ఏడ్చినా పట్టు. మెంతులు నానబెట్టి తాగు.

ఎందుకంటే ఆ గేటు దగ్గర నేనొకటి గమనించాను. తెల్లకోటు పిల్ల తల్లులకి లెక్కగా ఇస్తుంది. మొదటిసారి ఒక డబ్బా, మళ్ళీ వస్తే ఇంకొకటి, ఆ తర్వాత మందులకొట్టు పేరు రాసిన చీటీ. ఇంకో డబ్బా ఇస్తే మీ కంపెనీ మునిగిపోతుందా అని అడిగాను. ఆపాటికి అందరూ కొనుక్కుంటారు మేడమ్ అంది, ఎంతో మర్యాదగా. ఎందుకు కొనుక్కుంటారో లల్లా బేయా చెబితే గానీ నాకు తలకెక్కలేదు. బిడ్డ తాగని రొమ్ము ఎండిపోతుంది. నమూనా సరిగ్గా అది ఎండేదాకా వస్తుంది. హఫ్సియాలో నేను వేళ తెలుసుకున్నానని మురిసిపోయాను. నాకంటే బాగా వేళ తెలిసినవాళ్ళు ఆ గేటు దగ్గర కూర్చున్నారు.

అలాగని భయపడకు. డబ్బాలు పంపుతున్నాను, రెండే. ఈసారి పెద్దవి. నమూనాలే. ఇక్కడ ఈ ఏడు చలి లేదు, కోటు వేసుకునే పనే పడటం లేదు.

జలీలా


మక్తర్
డిసెంబరు 29

జలీలా,

మెంతులు తాగాను. సోంపు తాగాను. ముబ్రూకా వేయించిన పిండిలో నూనె, తేనె కలిపి ముద్దలు చేసి పెట్టింది, అవీ తిన్నాను. రొమ్ము పట్టిస్తే పిల్ల ఒకసారి లాగి, ఏమీ రాక, నా మొహంలోకి చూస్తుంది. ఆ చూపు తట్టుకోలేక సీసా ఇచ్చేస్తున్నాను. మేకపాలలో నీళ్ళు కలిపి పట్టి చూశాం. విరేచనాలు పట్టుకున్నాయి. ఇప్పుడు మేకలు కూడా చూలుతో వట్టిపోయాయి.

రెండు డబ్బాలు ఏ మూలకి? నీకు చదువుతోపాటు నామోషీ కూడా ఎక్కువైనట్టుంది. పదిమంది ముందు చెయ్యి చాచడానికి సిగ్గుగా ఉందా? ఊరికే ఇచ్చేవాళ్ళని అడగడానికి కూడా నోరు రాకపోతే ఆ నోరు ఎందుకే? ఆ పిల్లాడు కాకపోతే ఇంకో పిల్లాణ్ణి ఎత్తుకెళ్ళు. ఆ ఆసుపత్రి కాకపోతే ఇంకోటి. నేనే అక్కడుంటే ప్రతి గేటు ముందూ కొంగు పరిచేదాన్ని.

ఇలా రాసినందుకు కోపగించుకోకు. తుహామీ రోజూ రోడ్డుపని మేస్త్రీ ఇంటిముందు నిలబడి వస్తున్నాడు. వచ్చి పిల్ల పక్కన పడుకుంటాడు. మాట్లాడడు. పిల్ల చెయ్యి మాత్రం పట్టుకుంటాడు.

ఇంకో మాట. ఈ డబ్బాలమీద ఎర్ర ముద్ర లేదు. మూత అంచున చీటీ గోకేసిన జిగురు ఉంది. ఇవి నమూనాలేనా?

వసీలా


ట్యూనిస్
జనవరి 6

అక్కా,

కావు.

నమూనాలు డిసెంబరు మొదట్లోనే ఆగిపోయాయి. ఇప్పుడు బిడ్డ పుట్టిన కాగితం చూపిస్తేనే ఇస్తున్నారు, దానిమీద గీత కొట్టి. మిగతా ఆసుపత్రులు తిరిగాను. ఒకచోట ఖాళీ డబ్బాలు ఏరుకునే ముసలామె నేను పోటీకొచ్చాననుకుని రాయి విసిరింది. పిల్లల డాక్టర్ల వరండాల్లో కూర్చున్నాను. కంపెనీ మనిషి డాక్టరుకిచ్చిన డబ్బాలని గుమస్తా సంచిలో వేసుకుని మందులకొట్టుకి అమ్ముతాడు, ఎర్రముద్ర మీద ధర చీటీ అంటించి. నేను కొన్న రెంటిలో ఒకదాని మీద చీటీ గోకితే కింద ముద్ర ఉంటుందేమోనని చూశాను. లేదు. అది అసలైన అమ్మకపు డబ్బా.

డబ్బు ఎక్కడిదని అడుగుతావు. ఇన్నాళ్ళూ హఫ్సియాలో కొనడమే తెలుసు నాకు. అమ్మడానికి వెళ్ళాను. శుక్రవారమే వెళ్ళాను, అదే ముసలమ్మ కూర్చుని ఉంది. నా కోటు అందుకుని అస్తరు తడిమింది. "చలికాలంలో కోటు అమ్ముతున్నావంటే ఇంట్లో ఎవరికో బాగోలేదు" అంది. తర్వాత పుస్తకాలు కూడా వెళ్ళాయి. అవి తడమలేదు, తూచారు. ఇక అమ్మడానికి నా దగ్గర ఏమీ లేదు. ట్యూషన్ డబ్బు చేతికొచ్చేదాకా ఇంకో డబ్బా పంపలేను. ఈ వాక్యం రాయడానికి మూడు కాగితాలు చింపాను.

నా నామోషీ సంగతి సరే. నువ్వు నిజం రాయి. ఉన్నవి ఎన్నాళ్ళు వస్తాయి?

జలీలా


మక్తర్
జనవరి 14

బంగారుతల్లీ,

కోటు ఎందుకమ్మావే. అమ్మ ఆఖరుగా కొనిపెట్టిన కోటు. నేను రాసిన మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఉత్తరం చింపెయ్యి.

డబ్బాల గురించి ఏమీ బెంగ పెట్టుకోకు. నువ్వు పంపిన రెండిట్లో రెండోది ఇంకా సగానికి పైనే ఉంది. నేను పొదుపుగా వాడుతున్నాను. నీ అక్కని కదా.

పిల్ల ఇప్పుడు ఎంత బుద్ధిమంతురాలయిందో చూడాలి నువ్వు. విసిగించదు. ఏడవదు. పొద్దంతా పడుకునే ఉంటుంది. లేపితే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంటుంది. అత్తయ్య మురిసిపోతోంది, నా మనవడికి నోరులేని పెళ్ళాం దొరికింది అని చుట్టుపక్కల చెప్పుకుంటోంది. బశీరేమో గోడ అవతల ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. ముబ్రూకా మాత్రం వచ్చి యామినాని చూసి, బుగ్గ గిల్లి చూసి వెళ్ళిపోయింది. ఆమెకి అసూయేమో.

నిన్నటినుంచి మంచు పడుతోంది. నువ్వు వెచ్చగా ఉండు.

వసీలా


ట్యూనిస్
జనవరి 19

వసీలా,

హమ్దా బాబాయి ఇంజను ఆపకుండా నిలబడ్డాడు, మంచుకి దారి మూసుకుపోయేలోపు సిలియానా దాటాలంటున్నాడు. నిలబడే రాస్తున్నాను.

ఆ డబ్బా సగం ఎలా ఉంటుంది? పిల్ల సరిగ్గా తాగితే అది ఎప్పుడో అడుగంటాలి. సీసాలో ఎన్ని చెంచాలు వేస్తున్నావు? ఏడవని పసిపిల్ల బుద్ధిమంతురాలు కాదు, ఏడవడానికి ఒంట్లో ఏమీ లేని పిల్ల. నీ ఉత్తరం లల్లా బేయాకి చదివి వినిపించాను. వింటూ చేతిలో గిన్నె కిందపెట్టింది. ఆ ఇంట్లో పాలున్న ఆడది ఎవరూ లేరా అంది.

ఉంది. గోడ అవతలే ఉంది. ఆమె పిల్ల బుగ్గ గిల్లింది అసూయతో కాదక్కా, ఒంట్లో తడి ఉందా, చర్మం వెనక్కి పోతుందా లేదా అని చూసింది. ఈ కాగితం చదువుతున్నచోటే పారేసి పిల్లని ముబ్రూకా ఒళ్ళో పెట్టు. బశీర్‌కి ఇంకెవరైనా దొరుకుతారు.

జలీలా


మక్తర్
జనవరి 26

జలీలా,

హమ్దా బాబాయి రాలేకపోయాడు. నీ ఉత్తరం రొట్టెల లారీవాడు తెచ్చాడు, సగం తడిసి. అయినా చదవగలిగాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. డబ్బామీద రాసింది సీసాకి ఐదు చెంచాలు. మొదట్లో నాలుగు వేశాను. నువ్వు కోటు అమ్మావని తెలిశాక రెండు. ఇప్పుడు ఒకటి, తెల్లగా కనబడటానికి కాస్త గంజి. సీసా నిండుగా కనబడితే పిల్ల కడుపునిండా తాగిందని అత్తయ్య అనుకునేది. కొన్నాళ్ళకి నేనూ అలాగే అనుకున్నాను. అనుకోవడం ఎంత తేలికో నీకు తెలియదు.

దవాఖానా గదికి తీసుకెళ్ళాం. నర్సు పిల్లని తూచి, తక్కెడ చెడిపోయిందేమోనని ఖాళీగా చూసుకుని మళ్ళీ తూచింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమంది. బండి తిరగడం లేదు. పాలు పట్టమ్మా, దీనికి వేరే మందు లేదు అని నామీద అరిచింది. నీ వయసు పిల్ల. అరిచి, తనే ఏడ్చింది.

నువ్వు రాసినంత తేలిక కాదు చెల్లీ. మేం అడగలేదనుకుంటున్నావా? తుహామీ వెళ్ళి వాళ్ళన్న ముందు నిలబడ్డాడు. బావగారు కోప్పడలేదు, అదే నా భయం. మెల్లగా అన్నారు: "పొలం అమ్మేటప్పుడు నన్నడగలేదు. ఇప్పుడు నాకిచ్చిన మాట కూడా వదులుకుంటానంటే నీ ఇష్టం. ఆ మాట మీదే నీకు గది ఇచ్చాను, గుర్తుంచుకో." బయట మోకాలి లోతు మంచు ఉంది. గది పోతే ఈ పిల్లని పట్టుకుని ఎక్కడ కూర్చోను? చలికి పోతుందా, ఆకలికి పోతుందా అని ఏ తల్లయినా కూర్చుని ఎంచుకుంటుందా? నేను ఎంచుకుంటున్నాను. రోజూ పొద్దున లేచి అదే పని.

మా రెండు గదుల మధ్య గోడ మట్టిది. బశీర్ తాగుతుంటే గుటకలు వినబడతాయి.

వసీలా


ట్యూనిస్
జనవరి 30

అక్కా,

గది పోతే పోనీ. నా గది మేడమీద, రేకుల కప్పు, ఒక్క కిటికీ. ముగ్గురూ వచ్చెయ్యండి. లల్లా బేయాని అడిగాను. మనుషులు పెరిగితే అద్దె పెరుగుతుంది అంది. ఆవిడ భాషలో అది ఒప్పుకోవడమే.

ఆ పొడి మిగుల్చుతున్నావు. ఎవరికోసం మిగుల్చుతున్నావు?

మన ఇంట్లో ఎప్పుడూ ఇంతే. అరిగిన చెప్పు మళ్ళీ కుట్టించి, నూనె సీసా బోర్లించి చివరి బొట్టు దాకా కార్చి, అతుకు మీద అతుకు వేసి బతకడం మనకి ఎంత బాగా వచ్చిందంటే, దేన్ని తగ్గించకూడదో చూసే కన్ను పోయింది. నేను పంపిన ప్రతి మూటతో నిన్ను ఇంకా బాగా మెచ్చుకున్నాను, పొదుపరివని. ఇక మెచ్చుకోను. అంతా ఖర్చు పెట్టెయ్యి. మాట, గది, మీ అత్తగారి మంచితనం, బావగారి మర్యాద, అన్నీ.

జలీలా


మక్తర్
ఫిబ్రవరి 4

జలీలా,

నీ ఉత్తరం ఇవాళే వచ్చింది. అది రాకముందే జరిగిపోయింది.

సోమవారం మధ్యాహ్నం సీసా పెట్టినా పిల్ల పెదవి కదపలేదు. పక్కనుంచి కారిపోయింది. నేను లేచి పిల్లనెత్తుకున్నాను. గుమ్మంలో అత్తయ్య పీటమీద కూర్చుని పప్పు ఏరుతోంది. ఎక్కడికి అంది. కాలు అడ్డంపెట్టింది. ఆ కాలు దాటాను. పెద్దవాళ్ళ కాలు దాటడం ఏమిటో నీకు తెలుసు. పప్పు పళ్ళెం తిరగబడింది.

ముబ్రూకా బశీర్‌ని ఒళ్ళో వేసుకుని ఉంది. నా చేతుల్లోది చూసి వాణ్ణి చాపమీద పడుకోబెట్టింది. వాడు ఏడుపు లంకించుకున్నాడు. "వసీలా, మీ గది పోతుంది" అంది. పోనీ అన్నాను. అత్తయ్య వెనకే వచ్చి, ఆ పిల్ల నీ కొడుక్కి చెల్లెలైపోతుంది, తెలిసే చేస్తున్నావా అని ముబ్రూకాని నిలదీసింది. ముబ్రూకా ఇంతకాలం ఆ ఇంట్లో గొంతెత్తగా నేను వినలేదు. అప్పుడూ ఎత్తలేదు. గుండీలు విప్పుకుంటూ, "చెల్లెలే కానీ అత్తయ్యా. చచ్చిపోయిన పెళ్ళాన్ని వాడేం చేసుకుంటాడు" అంది.

పిల్ల తాగలేదు జలీలా. రొమ్ము నోట్లో ఉంది, పాలు కారుతున్నాయి, పిల్ల మింగడం లేదు. ముబ్రూకా వేలితో పిండి నాలుకమీద వేసింది. గొంతులోకి దిగలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పుడు అత్తయ్య మా ఇద్దర్నీ తోసేసి ముందుకొచ్చింది. లాక్కుంటుందనుకున్నాను. పిల్ల మొహం మీద ఒక్కసారి ఊదింది. ఉలిక్కిపడి ఊపిరి తీసుకుంటూ పిల్ల గుటక వేసింది. "మళ్ళీ పొయ్యి" అంది అత్తయ్య. ముబ్రూకా పిండుతుంటే ఆవిడ ఊదుతూ కూర్చుంది, చీకటి పడేదాకా. ఆ తర్వాత లేచి వెళ్ళి, కొంగు మొహాన కప్పుకుని, మనవడి పెళ్ళి చెడిపోయిందని గట్టిగా ఏడ్చింది.

మంగళవారం పిల్ల తనంతట తను లాగింది. ముబ్రూకా వెక్కి వెక్కి ఏడ్చింది, నొప్పికని చెప్పింది.

బావగారు ఊళ్ళో లేరు. రేపు వస్తారు.

వసీలా


ట్యూనిస్
ఫిబ్రవరి 12

అక్కా, అక్కా,

నీ ఉత్తరం చదివి మేడమీంచి దిగి, లల్లా బేయాకి చదివి వినిపించి, మళ్ళీ మేడెక్కి ఒక్కదాన్నే మళ్ళీ చదివాను. ముబ్రూకా చేతులు నా తరఫున ముద్దుపెట్టుకో. మీ అత్తగారివి కూడా, కాస్త తక్కువగా.

ట్యూషన్ డబ్బు వచ్చింది. ఇక డబ్బాలు కొనక్కర్లేదు కాబట్టి తివాచీ ఒకటి చూశాను, మీ ముగ్గురికీ పక్క వెయ్యడానికి. కిటికీ సందులకి గుడ్డలు కుక్కాను. బావకి రేవులో మూటలు దించే పని ఉందని కిందింటాయన చెప్పాడు, రోజు కూలి, రోజూ దొరుకుతుందట. యామినాకి మేడమీద ఎండ బాగా తగులుతుంది. బావగారు ఏమన్నా సరే లెక్కచెయ్యకు. పిల్ల దక్కింది. ఇక మిగతావి ఎలాగో గడుస్తాయి. ఎప్పుడు వస్తున్నారో రాయి.

జలీలా


మక్తర్
ఫిబ్రవరి 23

జలీలా,

మంచు కరిగింది, దారి తెరిచారు. బావగారు ఇన్నాళ్ళు ఆగింది దారి కోసమే. ఆ మాత్రం దయ చూపించారు, కాదనను.

మసీదు బడి పంతులుగారిని పిలిపించారు, ఆ పాలు లెక్కలోకి రావని ఎక్కడైనా రాసి ఉందేమోనని. ఆయన గడ్డం నిమురుకుని, "పాలిచ్చిన తల్లి ఉంటే ఆ పాలకి తండ్రి కూడా ఉంటాడు ముఖ్తార్. ఆ పిల్ల ఇప్పుడు నీకు కూతురు. నీ ఇంట్లోంచి పొమ్మనడానికి లేదు" అన్నారు. పంతులుగారు వెళ్ళిపోయాక బావగారు తుహామీతో అన్నారు: "నా కూతురు నా ఇంట్లో ఉంటుంది. మాట తప్పినవాళ్ళు ఉండరు."

పిల్లనెత్తుకుని నీ దగ్గరికి వచ్చేద్దామనుకున్నాను. మళ్ళీ సీసా తాగుతుందేమోనని చూశాను కూడా. పాత సీసా కడిగి, డబ్బాలో మిగిలింది ఐదు చెంచాలూ వేసి పట్టాను. మొహం తిప్పేసుకుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టాను. గొంతు పోయేలా ఏడ్చింది గానీ ముట్టలేదు. ముబ్రూకా గోడ అవతల ఆ ఏడుపు విని, చివరికి వచ్చి నా చేతుల్లోంచి తీసుకుంది. ఇప్పుడు తీసుకెళ్తే పోతుంది వసీలా, ముద్ద తినేదాకా ఉంచు, అప్పుడు నేనే తెచ్చి నీ ఒళ్ళో పెడతాను అంది. మంచిది ముబ్రూకా. నిజంగానే తెస్తుంది. కానీ అప్పటికి పిల్ల ఎవరి మెడ పట్టుకుని ఉంటుందో మాకిద్దరికీ తెలుసు. అందుకే ఆమె ఆ మాట అంటూ నావైపు చూడలేదు.

పిల్ల ఒళ్ళు చేసింది. గొంతు పెద్దది, బశీర్‌ని మించి అరుస్తుంది. అత్తయ్య ఇద్దర్నీ చెరో తొడమీద వేసుకుని ఊపుతోంది.

శనివారం హమ్దా బాబాయి బండిలో వస్తున్నాం. మధ్యాహ్నానికి టాక్సీల అడ్డాకి రా. మూటలు తుహామీ పట్టుకుంటాడు. నా చేతుల్లో ఏమీ ఉండదు. అక్కడ నలుగురిలో పిల్ల ఏదని నన్ను అడగకు.

వసీలా